ఓర్పు ఎవరికి? బరువు ఎవరిది?

గత సంవత్సరము ఒక ఆదివారమున మా ఉపాధ్యాయులనందరిని ఒక సభకు పిలిపించిరి. ఉద్యోగమున కలుగు మనఃక్లేశమును జయించుటెట్లో నేర్పుటకై ఆ సభ. వచ్చిన వక్త మంచివాడు, మాటకారి. కన్నులు మూసికొని ఊపిరిని లెక్కింపుమనెను. కష్టమును అవకాశముగా భావింపుమనెను. రాత్రులు త్వరగా నిద్రింపుమనెను. సభ ముగియునప్పటికి మధ్యాహ్నము రెండు గంటలైనది. అంతట మా ప్రధానోపాధ్యాయుడు లేచి, పైవారి ఉత్తరువు ప్రకారము, సభకు వచ్చినవారి ఛాయాచిత్రములును వివరములును ఆ రాత్రికే పంపవలెనని చెప్పెను. విశ్రాంతిని గూర్చిన పాఠమునకై విశ్రాంతిదినము పోయినది. నిద్రను గూర్చిన ఉపదేశమునకై నిద్రయు పోయినది. మూలుగుచున్న నక్కపై తాటిపండు పడుట యనగా నిదియే.

ఇది నవ్వి విడువదగిన విషయము కాదు. నేడు కార్యాలయములందును, ఆసుపత్రులందును, బడులందును ఇట్టి బోధయే వినబడుచున్నది. పనివాడు నలిగిపోయినచో లోపము పనిలో లేదట, వాని మనస్సులో నున్నదట!

మనోధైర్యమును నేను నిందించుటలేదు. దుఃఖము లేని జీవితము లేదు. బిడ్డ జబ్బుపడును, వాన కురియదు, ఆప్తుడు మరణించును. వీనిని ఏ అధికారియు ఆపజాలడు. అచ్చట ఓర్పు మహాగుణము. మన వేదాంతులు తితిక్షను సాధకుని ఆరు సంపదలలో నొకటిగా లెక్కించిరి. కాని వారు దానిని చెప్పినది తనంత తాను మోక్షము కోరి వచ్చినవానికి. యజమాని కూలివానికి వల్లింపవలసిన నీతిగా చెప్పలేదు. శీతోష్ణములు ప్రకృతి పెట్టినవి. రాత్రి పదిగంటలకు సెల్‌ఫోనులో వచ్చు ఉత్తరువు ప్రకృతి పెట్టినది కాదు. దానిని వ్రాసిన చేయి ఒకటి కలదు. ఆ చేతిని మరుగుపరచి, ఉత్తరువు నందుకొన్నవానిని గుండె దిటవు చేసికొమ్మనుట వైద్యము కాదు, వంచన.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఉద్యోగజనితమైన నిస్సత్తువను నిర్వచించుచు, అది వ్యాధి కాదనియు, పనిచేయుచోట చిరకాలముగా సాగుచు సరిగా చక్కదిద్దబడని ఒత్తిడివలన కలుగు స్థితి యనియు చెప్పినది. పనిచేయుచోట అను మాటను చదువరులు గమనింతురుగాక. ఆ సంస్థయు అంతర్జాతీయ కార్మిక సంస్థయు కలసి 2021లో ప్రకటించిన అంచనా ప్రకారము, దీర్ఘమైన పనిగంటల మూలమున పక్షవాతముచేతను గుండెజబ్బుచేతను 2016వ సంవత్సరమున మరణించినవారు 7,45,000 మంది. వారమునకు 35 మొదలు 40 గంటలు పనిచేయువారికంటె, 55 గంటలును అంతకు మించియు పనిచేయువారికి పక్షవాతభయము నూటికి 35 వంతులు అధికమట. వీరందరును ఊపిరి లెక్కించుట తెలియక చనిపోయిరని చెప్పుదమా?

ఇంగ్లండున ప్రభుత్వోద్యోగులను గూర్చి 1967లో వైట్‌హాల్ పరిశీలన ప్రారంభమైనది. పెద్ద బాధ్యతలు మోయు పై అధికారులకే గుండెజబ్బు హెచ్చని లోకము తలచుచుండెను. తేలినది తలక్రిందులు: క్రింది తరగతులవారే ఎక్కువగా మరణించిరి. పొగత్రాగుట మొదలైన కారణములను లెక్కలోనికి తీసికొన్నను ఆ భేదము పూర్తిగా తొలగలేదు. పని హెచ్చుగా నుండి, ఆ పనిని గూర్చి తాను నిర్ణయించుకొను స్వేచ్ఛ తక్కువైనచోటనే మనస్సు మిక్కిలి నలుగునని రాబర్ట్ కరాసెక్ అను పండితుడు 1979లో చూపెను. కావున ప్రశ్న మనోబలమును గూర్చినది మాత్రమే కాదు, అధికారమును గూర్చినది కూడ.

ఇక ఉపదేశముల ఫలమెంత? ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన పరిశోధనలో 233 సంస్థలకు చెందిన 46,336 మంది బ్రిటిష్ ఉద్యోగుల సమాధానములను పరిశీలించెను. మనోబల శిక్షణ మొదలైనవానిలో పాల్గొన్నవారు పాల్గొననివారికంటె మేలుగా నున్నట్లు కనబడలేదు. ఈ ఒక్క పరిశోధనతో వాదము ముగిసినదని నేననను. కాని తమ బోధకు ఇంతకంటె మంచి సాక్ష్యము చూపవలసిన భారము బోధించువారిదే.

1965లో మన దేశమున బండ్లు లాగు పశువులను గూర్చి నియమములు చేసిరి: దినమునకు తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదు, విరామము లేక ఐదు గంటలకు మించి నడపరాదు. బరువునకు హద్దు పెట్టిరేగాని ఎడ్లకు ఓర్పును గూర్చి ఉపన్యాసమిప్పింపలేదు. ఉపాధ్యాయునికిని హద్దు లేకపోలేదు. జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప విద్యేతర కార్యములకు వానిని వినియోగింపరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము 27వ విభాగమున వ్రాసినారు. ఆ హద్దు మాట ఆ ఆదివారపు వక్త ఎత్తనే లేదు.

హద్దులు పెట్టినచో పనులు సాగునా యని కొందరందురు. పనివేళ దాటిన పిదప ఉద్యోగి తన యంత్రమును ఆపివేయు హక్కును గూర్చిన చట్టము ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. అందువలన ఆ దేశమున కార్యాలయములు మూతపడలేదు.

మన సంస్కరణ చరిత్రను తలచుకొనుడు. బాలవితంతువుతో లోకమేమన్నది? ఓర్చుకొమ్మన్నది, వ్రతములు చేయుమన్నది, వైరాగ్యము నేర్చుకొమ్మన్నది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆమెను ఓర్చుకొమ్మని ఊరకుండలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించిరి. బాధపడువారి మనస్సును కాదు, బాధపెట్టు ఆచారమును మార్చబూనుటయే సంస్కరణము.

చదువరులు నా మాటలను మెచ్చుకొని పత్రిక మూయకముందు ఒక్క సంగతి. 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారము, ఇంటిపని చేయువారిలో స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును ఆ పనిపై గడపుచుండిరి. ఆ ఆదివారము సభనుండి విసుగుతో ఇల్లు చేరి, అన్నము చల్లారినదని నా భార్యను గద్దించితిని. ఆమెయు ఉద్యోగినియే; వారము దినముల బట్టలు ఆనాడే ఉతుకుచుండెను. నడుము నొప్పిగా నున్నదని ఆమె యనగా, కొంచెము ఓర్చుకొమ్మంటిని. ఆమె మారు పలుకలేదు. ఆ వక్త మాటనే నేనును వల్లించితినని రాత్రి వివరములు పంపుచుండగా నాకు తట్టినది. నా ఇంట నేనే పై అధికారిని.

కావున సోదరులారా, రెండు పనులు చేయుదము. పనిచోట ఒంటరిగా గొణుగుకొనక, నలుగురము కలసి, ఇది మా పనియా కాదా, దీనికెన్ని గంటలు పట్టును అని వ్రాతపూర్వకముగా అడుగుదము. ఇంట ఎవరును అడుగకముందే బరువులో మన పాలు మనము ఎత్తుకొందము. ఆ పిమ్మట మిగిలిన కష్టమునకు ఓర్పు కావలసియున్నచో, అందరము కలసియే నేర్చుకొందము.