చేతి మిషనంటే చిన్నచూపెందుకు?

కరెంటు అక్కర్లేకుండా చేత్తో తిప్పేవో, కాలితో తొక్కేవో వాషింగ్ మిషన్లు ఉన్నాయని చెబితే మన దగ్గర వినిపించే సమాధానాలు రెండే. మొదటిది: “ఊరూరా కరెంటు వచ్చాక ఇంకా ఈ తిప్పుడెందుకు? వాయిదాల మీద మంచి మిషనే కొనుక్కోవచ్చుగా!” రెండోది పెద్దవాళ్ళ నోట వినేది, ఈమధ్య ఆరోగ్య సలహాల వీడియోల్లోకీ ఎక్కింది: “బండ మీద ఉతికినన్నాళ్ళూ ఆడవాళ్ళకు బీపీ లేదు, షుగరు లేదు. ఉతకడం మంచి వ్యాయామం.” రెండూ తప్పుడు మాటలే. ఖరీదైన యంత్రానికీ ఒట్టి చేతులకూ మధ్య ఉండాల్సిన వస్తువును మన ఇళ్ళలోకి రానివ్వకుండా ఈ రెండూ కలిసి అడ్డుపడుతున్నాయి.

కరెంటు మాటే ముందు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే దేశంలో నూటికి 96 ఇళ్ళకు పైగా కరెంటు ఉంది. వాషింగ్ మిషను ఉన్న ఇళ్ళు నూటికి 18. తీగ వచ్చినంత మాత్రాన మిషను రాలేదన్నమాట. ధర ఒక్కటే కారణమైతే ఎప్పుడో ఒకప్పుడు తీరేది. ఆటోమేటిక్ మిషనుకు కరెంటుతో పాటు ఎప్పుడు తిప్పితే అప్పుడు వచ్చే కుళాయి కావాలి. నీళ్ళు తోసుకొచ్చేందుకు పైన ట్యాంకు కావాలి. మురుగు పోయే దారి, ఎండా వానా తగలని చోటు, చెడిపోతే వచ్చి చూసే మెకానిక్కు కావాలి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకు ఇస్తామన్నది 55 లీటర్లు. నలుగురున్న ఇంటికి 220. తాగడం, వండడం, స్నానాలు, అంట్లు, మరుగుదొడ్డి అన్నీ అందులోనే గడవాలి. పైనుంచి బట్టలు వేసే ఆటోమేటిక్ మిషను ఒక్క విడతకు వంద లీటర్ల దాకా తాగేస్తుంది. పొద్దున గంటసేపు నల్లా వచ్చి ఆగిపోయే ఇంట్లో దాన్ని పెట్టి ఏం చేస్తారు? కాస్త చౌకగా దొరికే సెమీ ఆటోమేటిక్ కొన్న ఇళ్ళలో చాలాచోట్ల జరిగేది చూడండి. బిందెలతో, బకెట్లతో నీళ్ళు మోసి పోసేది ఇల్లాలే. తిరిగాక బట్టలు తీసి, జాడించి, పక్క తొట్లో వేసేదీ ఆమే.

ఇక వ్యాయామం. వ్యాయామమంటే ఓపికున్నంతసేపు చేసి, ఒంట్లో బాగోలేని రోజు మానేసేది. ఉతుకుడుకు ఆ సెలవు లేదు. జ్వరమొచ్చినా, నెలసరి అయినా, నిండు చూలాలైనా పిల్లవాడి యూనిఫారం రేపటికి ఆరి ఉండాలి. ఆ పని ఎలాంటిదో తెలియాలంటే పెద్ద మంచం దుప్పటి ఒకటి ఉతికి చూడాలి. పొడిగా ఉన్నప్పుడు చంకలో పట్టేది, నీళ్ళు తాగాక రెండు చేతులకూ లొంగదు. గొంతుక్కూర్చుని సబ్బు రాయాలి, నడుం వంచి బ్రష్షు కొట్టాలి, లేచి బండకేసి బాదాలి, మూడు నీళ్ళు జాడించాలి. అన్నిటికంటే కష్టం పిండడం. ఒక కొస కుళాయి గొట్టానికి మెలిపెట్టి, రెండో కొస పట్టుకుని మణికట్టు విరిగేలా తిప్పినా సగం నీళ్ళు అందులోనే ఉంటాయి. ఆ బరువును బకెట్లో వేసుకుని మేడ మెట్లెక్కాలి. ముసురు రోజుల్లో రెండు రోజులైనా ఆరదు, చెమ్మ వాసన వస్తుంది. సోడా సబ్బుకు వేళ్ళ సందులు ఒరిసి పగుళ్ళిస్తే కారం తగిలినప్పుడల్లా భగ్గుమంటాయి. అమ్మమ్మలకు జబ్బులే లేవంటారు గానీ, నడుం పట్టేసి వంగిపోయిన అమ్మమ్మలు ఏ ఊళ్ళో లేరు? వాళ్ళను డాక్టరు దగ్గరకు ఎవరు తీసుకెళ్ళారు గనక, ఏ జబ్బుందో తెలియడానికి!

ఖరీదైన యంత్రానికీ ఒట్టి చేతులకూ మధ్య ఉండాల్సిన ఆ వస్తువును కనిపెట్టే పని ఇప్పటికే చాలామంది చేశారు. కేరళలో మలప్పురం జిల్లాకు చెందిన రెమ్యా జోస్ పదో తరగతి వయసులో, తల్లి జబ్బుపడి బట్టల పని తన మీద పడ్డప్పుడు, సైకిలు భాగాలతో ఒక మిషను కట్టించింది. అల్యూమినియం పెట్టె, లోపల ఇనుప జాలీ డ్రమ్ము, పక్కన పెడళ్ళు. బట్టలు నానబెట్టి కొన్ని నిమిషాలు తొక్కితే మురికి వదులుతుంది, నీళ్ళు వదిలేసి మళ్ళీ వేగంగా తొక్కితే చాలావరకు నీరు పిండుకుపోతుంది. నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషన్ గుర్తించి అవార్డిచ్చింది. బ్రిటన్ ఇంజనీరు నవ్‌జోత్ సాహ్నీ తమిళనాడులో పుదుచ్చేరి దగ్గరి కుయిలాపాళయంలో ఉన్నప్పుడు పొరుగింటావిడ ఉతుకుడు కష్టం చూసి చేత్తో తిప్పే మిషను తయారుచేశాడు. దానికి ఆవిడ పేరే పెట్టాడు, దివ్య అని. అది ఇరాక్ శరణార్థి శిబిరాల దాకా వెళ్ళింది. పెరూలోని లీమా శివార్ల పేదవాడ కోసం అమెరికాలో ఇద్దరు డిజైన్ విద్యార్థులు పైన కూర్చుని కాలితో తొక్కే ‘గిరాదోరా’ను 40 డాలర్లలోపు ధర లక్ష్యంతో రూపొందించారు. నా దృష్టిలో వీటి అసలు గొప్పతనం ఉతకడంలో కన్నా పిండడంలో ఉంది. చిల్లుల డ్రమ్ము గిర్రున తిరిగితే మణికట్టు చేయలేని పని అయిపోతుంది.

అయినా ఇవి మన బజార్లో ఎందుకు కనబడవు? కుట్టు మిషను సంగతి గుర్తు తెచ్చుకోండి. చేత్తో తిప్పేది, కాలితో తొక్కేది ఇప్పటికీ వేల ఇళ్ళలో నడుస్తోంది. దాన్ని వెనకబాటు అన్నవాళ్ళు లేరు. ప్రభుత్వాలే సభలు పెట్టి మహిళలకు పంచాయి. కారణం ఒకటే, కుట్టుపని డబ్బు తెస్తుంది. ఉతుకుడు కూడా డబ్బు తెచ్చే చోట ప్రభుత్వానికి గుర్తుంది: తెలంగాణలో లాండ్రీలకు, దోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ఉంది, ఆంధ్రలో ఆదరణ పథకం కింద రజకులకు ఇస్త్రీ పెట్టెలు ఇచ్చారు. అవి ఇవ్వాల్సినవే. అదే పని ఇంటి ఇల్లాలు చేస్తే మాత్రం లెక్కకు రాదు. మురికి ఉతికే పనిని తరతరాలుగా ఒక కులానికి అప్పగించి తక్కువగా చూసిన సమాజం, ఇంట్లో దాన్ని ఆడమనిషికి అప్పగించి అసలు చూడడమే మానేసింది. 2019 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టేవారు, మగవాళ్ళు 97.

ఈ మిషన్లు బొమ్మలని, నాలుగు రోజులకే పిడి విరుగుతుందని అంటారు. ఆన్‌లైన్లో దొరికే ప్లాస్టిక్ సరుకు విషయంలో అది చాలావరకు నిజమే. కాలర్ మురికికి ముందుగా సబ్బు రాయక తప్పదు, ఒక్క విడతలో ఇంటిల్లిపాది బట్టలూ పట్టవు. కానీ విరిగిన పెడలును ఊళ్ళో సైకిలు షాపువాడు బాగుచేయగలడు, కాలిపోయిన సర్క్యూట్ బోర్డును చేయలేడు. పిడి తిప్పేదీ చివరకు ఆడదే కదా అనే స్త్రీవాద మిత్రుల ఆక్షేపణకు మాత్రం నేను తల వంచుతాను. చాకిరీని ఏ యంత్రమూ పంచదు, ఆ పోరాటం వేరే చేయాల్సిందే. అది గెలిచేదాకా నడుములు అరిగిపోతూ ఉండాలనడం మాత్రం న్యాయం కాదు.

ప్రభుత్వం ఎక్కడ మొదలుపెట్టాలంటారా? సంక్షేమ హాస్టళ్ళలో ఆదివారం పొద్దున పిల్లలు వారం బట్టలు ముందేసుకుని కుళాయిల దగ్గర వరస కడతారు. మొదటి మిషన్లు అక్కడ పెట్టండి. తయారీ ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు అప్పగించండి. ఏడాదిపాటు ఆ పిల్లల చేతే వాడించి, ఏ భాగం విరిగింది, ఎన్ని నీళ్ళు పట్టాయి, దుప్పటి ఎంతసేపట్లో ఆరింది రాయించండి. సరిదిద్దిన మిషనును డ్వాక్రా సంఘాల ద్వారా, కుట్టు మిషనుకు ఇచ్చినట్టే అప్పిచ్చి, ఇంటింటికీ చేర్చండి.