నీటి తగవుకు తీర్పరి ఎవరు?

1908లో మూసీ పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచివేసిన తరువాత, మళ్ళీ అటువంటి ఉపద్రవం రాకుండా కట్టించిన జలాశయాలు రెండు. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తి అయినవి. తరతరాల నగరవాసుల దాహం తీర్చిన ఈ చెరువుల చేరువన ఎవరైనా విషపదార్థాలు వెలువరించే కర్మాగారం పెట్టదలచినప్పుడు, ‘వద్దు’ అని చెప్పడానికి కాలుష్య నియంత్రణ మండలి ఉన్నది. అయితే ఆ మాట న్యాయమా, అన్యాయమా అని తేల్చవలసిన తీర్పరి ఎవరు? ఈ ప్రశ్న న్యాయశాస్త్ర విద్యార్థులకు మాత్రమే సంబంధించినది కాదని మా అభిప్రాయం. నీరు త్రాగే ప్రతి ఒక్కరికీ దీనితో పని ఉన్నది.

ఈ ప్రశ్నకు మరొక దేశం చెప్పుకున్న సమాధానాన్ని ముందు పరిశీలించి, పిదప మన ఊరి వ్యాజ్యానికి వద్దాము.

అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ 1970 డిసెంబరులో ఏర్పడినది. కాలుష్య చట్టాలను ఉల్లంఘించినవారిపై ఆ సంస్థ అభియోగపత్రం దాఖలు చేసి జరిమానా కోరవచ్చును. ప్రతివాది 30 రోజులలో జవాబిచ్చి విచారణ కోరవచ్చును. ఆ విచారణ జరిపేది సాధారణ న్యాయస్థానం కాదు. ఆ సంస్థలోనే కొలువైన పరిపాలనా న్యాయమూర్తి. ఫిర్యాదీ, తీర్పరీ ఒకే కప్పు క్రింద ఉంటే కంచే చేను మేసినట్లు కాదా అన్న శంక ఎవరికైనా కలుగుతుంది.

ఆ శంకను ఎరిగియే 1946 నాటి పరిపాలనా విధాన చట్టమూ, దాని ననుసరించిన నిబంధనలూ కొన్ని కట్టుబాట్లు చేసినవి. అభియోగం నడిపే ఉద్యోగి తీర్పరికి పై అధికారి కారాదు. తీర్పరి పనితనానికి సంస్థ మార్కులు వేయరాదు. తగిన కారణం ఉన్నదని వేరొక మండలి విచారించి తేల్చితే తప్ప ఆయనను తొలగించరాదు. ఏ పక్షంవారూ ఆయనతో చాటున వ్యాజ్యం సంగతి ముచ్చటించరాదు. ఉల్లంఘన జరిగినదని రుజువు చేయవలసిన భారం సంస్థదే. జరిమానా నిర్ణయించేటప్పుడు, ఆయా చట్టాలను బట్టి, ఉల్లంఘన తీవ్రత, ప్రతివాది పూర్వచరిత్ర, చెల్లించగల శక్తి వంటివి లెక్కకు వస్తవి. చట్టాన్ని పాటించకపోవడం వల్ల అతడు మిగుల్చుకున్న సొమ్ము కూడ లెక్కకు వస్తుంది. ఇది మాకు మిక్కిలి వివేకవంతంగా తోచినది. శుద్ధి యంత్రం పెట్టక లక్ష రూపాయలు మిగుల్చుకున్న వానికి పదివేలు జరిమానా వేస్తే అది శిక్ష కాదు, అనుమతి పత్రం! సంస్థ కోరిన మొత్తాన్ని తీర్పరి తగ్గించవచ్చు, పెంచవచ్చు. కారణం మాత్రం వ్రాసి చూపవలెను.

ఈ పద్ధతి లోపరహితం కాదు. పెక్కు తగవులు విచారణ దాకా రాకుండా రాజీలోనే ముగుస్తవి. 2024 జూన్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు, వాటాల మోసానికి జరిమానా కోరినప్పుడు ప్రతివాదికి జూరీ విచారణ హక్కు ఉన్నదని తీర్పు చెప్పినది. అది పర్యావరణ జరిమానాలకు ఎంతవరకు వర్తిస్తుందన్న వాదం లేచినది. తీర్పరి స్వాతంత్ర్యం ఒకసారి చట్టంలో వ్రాసుకుంటే చాలదని, దానిని కాపాడుకోవలసి ఉంటుందని ఇందువల్ల తెలుస్తున్నది.

ఇక మన వ్యాజ్యం. 1996లో మన ప్రభుత్వం 111వ నంబరు ఉత్తరువు ద్వారా జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల లోపల కాలుష్యకారక పరిశ్రమలను నిషేధించినది. ఆ పరిధిలో ఆముదపు నూనె నుండి రసాయనాలు తయారుచేసే ఒక పరిశ్రమకు కాలుష్య నియంత్రణ మండలి 1997లో సమ్మతి నిరాకరించినది. 1974 నాటి జల చట్టం క్రింద అప్పీలు విన్న విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి, ఒక శాస్త్రజ్ఞుని ప్రమాణపత్రం ఆధారంగా, 1998 జనవరిలో పరిశ్రమ పక్షాన తీర్పు చెప్పినారు. హైకోర్టు దానినే సమర్థించినది.

వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వెళ్ళినది. 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాథరావుగారు వ్రాసిన తీర్పు అసలు లోటును పట్టుకున్నది: మన రాష్ట్రపు అప్పీలు పీఠంలో న్యాయమూర్తి ఉన్నారు గాని, శాస్త్ర విషయాలలో ఆయనకు తోడుపడే నిపుణులు లేరు. ఢిల్లీలోనైతే అప్పీలు వినేది ఒక పరిపాలనాధికారి. అక్కడ రెండూ లేవు. ప్రకృతిస్థితిని మార్చదలచినవాడే దానివల్ల హాని లేదని రుజువు చేయవలెనన్న సూత్రాన్ని కూడ ఆ తీర్పు వివరించినది. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అన్న మన పెద్దల మాటకు అది న్యాయభాష. చివరకు 2000 డిసెంబరులో పరిశ్రమకు అనుమతి నిలువలేదు. అదే న్యాయమూర్తి లా కమిషన్ అధ్యక్షులుగా ఉండగా 2003లో పర్యావరణ న్యాయస్థానాలను సిఫారసు చేసినారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఏర్పడినది. అందులో న్యాయ సభ్యులతోపాటు నిపుణ సభ్యులు కూడ కూర్చుంటారు.

ఉర్దూలో న్యాయాన్ని ‘ఇన్సాఫ్’ అంటారు. సగం అని అర్థమిచ్చే ‘నిస్ఫ్’ దానికి తోబుట్టువు. నీటి తగవులో స్వాతంత్ర్యం న్యాయానికి ఒక సగమైతే, విషయజ్ఞానం రెండవ సగం. అమెరికావారు మొదటి సగానికి కట్టిన కంచె నుండి మనం నేర్చుకోవలసినది ఉన్నది. రెండవ సగం ఎందుకు కావలెనో మన జలాశయమే మనకు నేర్పినది.

అయితే ఎంతటి తీర్పరి అయినా తన ముందున్న సాక్ష్యాన్ని బట్టియే తీర్పు చెప్పగలరు. దక్షిణ ప్రాంతపు ట్రిబ్యునల్ పీఠం చెన్నైలో ఉన్నది. అక్కడికి వెళ్ళే పల్లెవాసి చేతిలో కన్నీటితో పాటు కాగితం కూడ ఉండవలెను. కనుక మా కళాశాల కమిటీవారికి ఒక మనవి: మన రసాయనశాస్త్ర విభాగం ప్రతి ఋతువులోను సమీపంలోని ఒక చెరువు నీటిని పరీక్షించి, తేదీతో సహా ఫలితాలను ఉర్దూ, తెలుగు భాషలలో నమోదు చేసి భద్రపరచే ఏర్పాటు చేయవలసినదిగా కోరుతున్నాము. సీసాలు మోయడానికి విద్యార్థులము సిద్ధంగా ఉన్నాము.