నిండు పడవతో పెట్టండి పరీక్ష

మిర్యాలగూడలో నాది మోటార్ల రిపేరు షాపు. వచ్చేవాటిలో వ్యవసాయ పంపుసెట్లే ఎక్కువ. నాగార్జునసాగర్ నుంచీ, పులిచింతల వెనక జలాల నుంచీ పడవ ఇంజన్లు కూడా వస్తుంటాయి. రెక్క విరిగిన ఫ్యాను, అదే ప్రొపెల్లర్, చూస్తే పడవ ఎంత వేగంలో రాయిని కొట్టిందో కొంత చెప్పొచ్చు. నడిపినవాడికి ట్రిమ్ బటన్ ఎందుకుందో తెలుసా లేదా అన్నది మాత్రం అతనితో రెండు మాటలు మాట్లాడితేనే తెలుస్తుంది.

చిన్న ఇంజన్లకు ఈ గొడవ లేదు. వంపు ఎంతుండాలో పిన్ను మార్చి ముందే పెట్టుకుంటారు. పెద్దవాటికి పవర్ ట్రిమ్ ఉంటుంది. వేగం పెంచే పిడి మీదే, బొటనవేలికి అందేలా బటన్. నొక్కితే బ్యాటరీతో తిరిగే చిన్న పంపు ఆయిల్‌ను తోసి, ఇంజను కాలును, అంటే నీళ్లలో ఉండే ఫ్యాను భాగాన్ని, పడవకు దగ్గరగానో దూరంగానో జరుపుతుంది. కాలు దగ్గరికొస్తే పడవ ముక్కు దిగుతుంది, దూరం జరిగితే లేస్తుంది. పరుగులో ఉండగానే మార్చుకోవచ్చు. సుఖమూ అదే, చిక్కూ అదే.

"పైకి లేపితే స్పీడొస్తది గదన్నా" అంటారు కుర్ర డ్రైవర్లు. వస్తది, కొంతవరకు. బయల్దేరేటప్పుడు కాలు పూర్తిగా లోపలే ఉండాలి. లేదంటే ముక్కు ఆకాశానికి లేచి ఎదురుగా ఏముందో కనపడదు. పడవ నీటిమీదికెక్కి పరుగందుకున్నాక బటన్‌ను కొంచెం కొంచెంగా నొక్కి వదలాలి, స్టీరింగ్ తేలికపడిన చోట ఆపాలి. ఇంకా లేపారా, పడవ కప్పలా గెంతడం మొదలెడుతుంది. అలాగే మలుపు తిప్పితే ఫ్యానుకు నీళ్లకు బదులు గాలి తగులుతుంది. ఇంజను అరుస్తుంది, పట్టు పోతుంది. కాబట్టి మలుపుకు ముందే మళ్లీ దించుకోవాలి. అలాగని మంచి వేగంలో మొత్తం దించేసినా ముప్పే. ముక్కు నీళ్లను తవ్వుకుంటూ పోయి, పడవ ఉన్నట్టుండి పక్కకు లాగేస్తుంది. అంచున కూర్చున్నవాళ్లు నీళ్లలో ఉంటారు. నడిపేవాడే పడితే ఇంజను ఆగడానికి ఒక తాడుంటుంది, ఒంటికి తగిలించుకోవాలి. నేను చూసే పడవల్లో అది ఎక్కువగా స్విచ్చుకే వేలాడుతుంటుంది.

ఇదంతా ఖాళీ పడవ మీద నేర్చుకుంటే వచ్చే విద్య కాదు. వెనక సీట్లన్నీ నిండితే ముక్కు దానంతటదే లేస్తుంది, పరుగందుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. నాగార్జునకొండ కనపడగానే అందరూ ఫోన్లు పట్టుకుని ఒకే పక్కకు జరుగుతారు. నిన్న సరిపోయిన వంపు ఇవాళ సరిపోదు.

పైగా మన నీళ్లు ఒక మట్టాన ఉండవు. సాగర్ నిండితే 590 అడుగులు, కనీస మట్టం 510. వానాకాలంలో ఏ భయమూ లేకుండా దాటిన గుట్ట ఏప్రిల్‌కు ఫ్యాను అందేంత దగ్గరికొస్తుంది. పులిచింతలలో 2021 ఆగస్టు 5న 16వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆ ఖాళీకి అడ్డుగా స్టాప్‌లాగ్ దించడానికి జలాశయాన్ని రోజుల్లోనే చాలావరకు ఖాళీ చేయాల్సి వచ్చింది. మఠంపల్లి వైపు వెనక జలాల కింద మునిగిన పాత ఊళ్లున్నాయి, పొలాలున్నాయి. అలాంటి చోట వేగం పూర్తిగా తగ్గించి, ఆ తర్వాతే కాలు ఎత్తుకోవాలి. ఎత్తినా నీళ్లు పీల్చే రంధ్రం మునిగే ఉండాలి. ఇంజను పక్కనుంచి సన్నగా చిమ్మే ధార ఆగిందంటే లోపల వేడెక్కుతున్నట్టే.

2024 సెప్టెంబరు 1న కోదాడ వీధుల్లోకే వరద వచ్చింది. వీధి నీళ్లు చెరువు నీళ్లు కావు. కింద డివైడర్లు, తీగలు, మునిగిన బైకులు. పడవ పట్టుకోవడానికి మనుషులు ఈదుకుంటూ దగ్గరికొస్తారు. అక్కడ ట్రిమ్ నేర్పు చూపించే పనే లేదు, ఇంజను ఆపేసి గెడ వేయడమే. ఆ తేడా తెలిసినవాడి చేతికే పడవ ఇవ్వాలి.

2017లో కృష్ణాలో పవిత్ర సంగమం దగ్గర, 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవలు మునిగి జనం పోయారు. ఆ పడవలు వేరు, కారణాలు వేరు. రెండుసార్లూ అనుమతుల మీద, లైఫ్ జాకెట్ల మీద గట్టి చర్చే జరిగింది, అవసరమే. పిడి పట్టుకున్న చేతి గురించి మాత్రం తక్కువ మాట్లాడుకున్నాం. 2021 నాటి ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం పడవ నడిపేవారికి యోగ్యతా పత్రం ఉండాలంటోంది. నేనడిగేది ఒకటే, ఆ పరీక్ష నిండు బరువుతో పెట్టండి. అదీ నీళ్లు తగ్గిన ఎండాకాలంలో, మలుపులతో. వరద సహాయానికి పడవలు కొనే సూర్యాపేట, నల్లగొండ జిల్లాల అధికారులకూ ఇదే మాట.

పరీక్షకు అంతమందిని ఎక్కడ తెచ్చేదని ఒకరు నన్నడిగారు. మిర్యాలగూడ చుట్టూ ఉన్నవి రైసుమిల్లులేనాయె, బస్తాలకు కరువా? మొదటి రౌండు బస్తాలతో కానివ్వండి. రెండో రౌండుకు మాత్రం లైఫ్ జాకెట్లు వేసి మనుషులనే ఎక్కించండి. బస్తాలు ఫొటో కోసం లేచి నిలబడవు.