పనిముట్టు చేతికి అమరాలి

విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి వేటకు బయలుదేరే మరపడవలో వలలు, తాళ్లు, ఐసు, డీజిలు, వైర్‌లెస్ సెట్టు అన్నీ దేని చోట అవి వుంటాయి. చీకట్లో చెయ్యి చాపితే కావలసింది అందాలి. కొత్త డ్రైవరు వస్తే తన అలవాటు ప్రకారం సామాను సర్దుకుంటాడు. అతణ్ణి ఎవరూ తప్పు పట్టరు.

ఆ ఇళ్లలోని చదువుకున్న పిల్లలు ఒడ్డున కంప్యూటరు ముందు కూర్చునేసరికి ఈ సంగతి మరచిపోతున్నారు. ఫొటోషాప్ నేర్చి స్టూడియోల్లో, బ్యానర్ల దుకాణాల్లో, నెట్ సెంటర్లలో పొట్టపోసుకుంటున్న యువకులు జిల్లాలో ఎందరో వున్నారు. తెర మీద పనిముట్లు మొదటిరోజు ఎక్కడ వున్నాయో చాలామందికి ఈనాటికీ అక్కడే వుంటాయి. అక్కరలేనివి తెర నిండా పరుచుకుంటాయి. కావలసినదాని కోసం రోజుకు వందసార్లు మెనూలు వెతకాలి.

ఇది చిన్న విషయం కాదు. బ్యాంకు గుమస్తా పరీక్షకు దరఖాస్తు చేసే అభ్యర్థి ఫొటో 20 నుంచి 50 కిలోబైట్లు, సంతకం 10 నుంచి 20 కిలోబైట్ల మధ్య వుండాలన్నది నిబంధన. గడువు చివరిరోజున దుకాణం ముందు జనం బారులు తీరితే, తడబడే చేతివల్ల నష్టపోయేది పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన అభ్యర్థే.

సర్దుకునే సదుపాయం కొత్తదేమీ కాదు. వరుసగా చేసే పనులను ఒకసారి రికార్డు చేసి మీట నొక్కితే మళ్లీ జరిగేలా చేసే 'యాక్షన్స్' ఫొటోషాప్‌లో 1996లోనే వచ్చాయి. తెర అమరికను పేరు పెట్టి భద్రపరచుకునే వీలు 2002లో, మీటలను ఇష్టప్రకారం మార్చుకునే వీలు 2003లో వచ్చాయి. 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు గల ఫొటోలు 4 అంగుళాలకు 6 అంగుళాల కాగితంపై ఎనిమిది పడతాయి. ఈ కూర్పును ఒకసారి రికార్డు చేసుకుంటే చాలు. డబ్బు పెట్టలేనివారికి ఉచితంగా లభించే గింప్‌లోనూ పనిముట్లను, మీటలను మార్చుకోవచ్చు.

తెలుగు మాట మరీ ముఖ్యం. ఫొటోషాప్ పాత కూర్పుల్లో అక్షరాల అమరికను దక్షిణాసియా భాషలకు మార్చకపోతే యూనికోడ్ తెలుగులో వత్తులు విడిపోతాయి. పెళ్లి బ్యానరు మీద పేరు విరిగితే నవ్వులపాలయ్యేది ఆ కుటుంబం. ప్రిఫరెన్సెస్‌లో ఒక్క గుర్తు మార్చి, కొత్త ఫైలు తెరిస్తే సరిపోయేదానికి తెలుగునే నిందించడం న్యాయం కాదు.

ఒకే కంప్యూటరుపై ఇద్దరు పనిచేసేచోట ఒకరి అమరిక మరొకరికి చిక్కు తెస్తుందని యజమానులు సందేహించవచ్చు. సందేహం సబబే. అయితే ఎవరి అమరికను వారు తమ పేరుతో భద్రపరచుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది. మొదటి అమరికకు తిరిగి వెళ్లే దారి ఎలాగూ వుంది.

నేర్పేవారు మెనూలు బట్టీ పట్టించడంతో సరిపెట్టకుండా తొలి వారంలోనే విద్యార్థి చేత తెరను సర్దించాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. పడవలకు మరమ్మతులు జరిగే ఆ రోజుల్లో హార్బరు పరిసరాల యువతకు ఇటువంటి శిక్షణ ఇప్పించే విషయం సంబంధిత అధికారులు పరిశీలించవలసి వుంది.