రాసుకునే అరగంట ఎవరి వాటా?

"తీరికుంటే రాసుకోవచ్చు" అనే మాట మనలో వినని వాళ్ళుండరు. స్త్రీ తనకోసం తాను రాసుకునే నాలుగు ముక్కల్ని మన సమాజం తీరిక ఖాతాలో వేస్తుంది. ఊరగాయ పెట్టినా, లేసు అల్లినా అవి ఇంటికి పనికొస్తాయి గనక వాటికి కాస్త మన్నన దొరుకుతుంది. నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్న ఆడమనిషి కంటబడితే మాత్రం ఇంట్లో ప్రతివారికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది. ఒకరికి మంచినీళ్ళు కావాలి, ఒకరి చొక్కాకి గుండీ ఊడింది, ఇంకొకరికి రేపు సోషలు పరీక్ష. ఆమె లేస్తుంది. తిరిగొచ్చేసరికి రాయాలనుకున్న మాట మరుగున పడిపోతుంది.

నేను చీమకుర్తిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు పాఠాలు చెబుతాను. పన్నెండేళ్ళుగా లాంగ్ నోటుబుక్కుల్లో రోజూ కొంత రాసుకుంటున్నాను. ఆ రోజు ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు, దేనికి ఎంత ఖర్చయింది, నాకు ఏమనిపించింది - ఇంతే. కథలు రాయను, కవిత్వం అంతకన్నా రాయను. ఈ సంగతి తెలిసినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "ఇంత పనిలో నీకు టైమెక్కడిది?" అని. నా సహచరుడు పొద్దున్నే ముప్పావుగంట పేపరు చదువుతాడు. ఆయన్ని ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఈ తేడా గురించే నేను మాట్లాడదలచుకున్నాను. స్త్రీ రాసుకునే సమయాన్ని ఆమె నేర్పుకీ, ఓపికకీ వదిలేస్తే సరిపోదు. అది ఇంటి చాకిరీ పంపకానికి సంబంధించిన విషయం. కాబట్టి హక్కుల విషయం.

మన రోజు ఎటు పోతోందో ప్రభుత్వమే లెక్క కట్టింది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా సమయ వినియోగ సర్వే జరిపింది. ఆరేళ్ళు దాటిన ఆడవాళ్ళలో 81.2 శాతం మంది జీతం లేని ఇంటిపని చేస్తున్నారనీ, మగవాళ్ళలో 26.1 శాతమే చేస్తున్నారనీ తేలింది. చేసేవాళ్ళని మాత్రమే తీసుకుంటే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారు. మళ్ళీ 2024లో సర్వే చేస్తే ఆ అంకెలు 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో మనకి తగ్గింది పది నిమిషాలు. మగవాళ్ళకి తగ్గింది తొమ్మిది. మన బరువు వాళ్ళేమీ ఎత్తుకోలేదన్నమాట. గ్యాసు పొయ్యో, మిక్సీయో, ఇంటికొచ్చిన కుళాయో మన పది నిమిషాలు మనకి తిరిగిచ్చి ఉంటే ఉండొచ్చు. భర్తలు మాత్రం ఇవ్వలేదు.

మా ఊళ్ళో ఈ లెక్కకి ఇంకొంచెం కలుపుకోవాలి. మా నేలలో దొరికే బంగారు చుక్కల నల్లరాయి గెలాక్సీ గ్రానైటు పేరుతో దేశదేశాల భవనాలకు పోతుంది. దుమ్ము మాత్రం ఇక్కడే ఉండిపోతుంది. లారీలు తిరిగే రోడ్ల పక్క ఇళ్ళల్లో ఆరేసిన బట్ట మళ్ళీ జాడించాలి, బోర్లించిన గిన్నె మళ్ళీ కడగాలి, ఊడ్చిన ఇల్లు మళ్ళీ ఊడవాలి. రాయి తీసే ఖర్చులో ఈ చాకిరీ ఎక్కడా కనిపించదు. ఆ ఖర్చు మోసేది చీపురు పట్టుకున్న చేతులే.

ఇటువంటి రోజులో రాసుకోవాలంటే ఏం చేయాలి? పత్రికల్లో, టీవీల్లో, ఇప్పుడు ఫోన్లలో కూడా ఒకటే సలహా. తెల్లవారుజామున నాలుగింటికి లేవండి, ప్రశాంతంగా ఉంటుంది, మీకోసం మీరు సమయం కేటాయించుకోండి అని. వినడానికి బాగుంటుంది. కానీ ఆ గంట ఎక్కడి నుంచి వస్తోంది? పదకొండింటికి గిన్నెలు సర్ది పడుకున్న మనిషి నిద్రలోంచి వస్తోంది. భర్త వాటాలోంచి గానీ, ఎదిగిన కొడుకు వాటాలోంచి గానీ రావడం లేదు. ఇంట్లో ఎవరి సుఖానికీ భంగం లేకుండా తన ఒంట్లోంచి తానే కోసుకున్న సమయాన్ని హక్కు అని ఎలా అంటాం? అటువంటి రాత ఎక్కువ రోజులు సాగదు కూడా. ఒక జ్వరం వస్తేనో, అత్తగారు మంచాన పడితేనో, పిల్లకి పరీక్షలొస్తేనో మొట్టమొదట ఆగిపోయేది అదే. అప్పుడు ఆమె "నాకు పట్టుదల లేదు" అని తనని తానే తిట్టుకుంటుంది. పట్టుదల లేక ఆగిందా, ఇంట్లో ఇంకెవరూ చేయి వేయక ఆగిందా?

"రాయకపోతే కొంపలేం మునుగుతాయి?" అని అడిగేవాళ్ళున్నారు. కొన్నిసార్లు నిజంగానే కొంపలు మునుగుతాయి. పత్తి, మిరప సాగుచేసే మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో అప్పులపాలై ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ కుటుంబాలను ఆదుకోవడానికి 2004లో జీవో 421 వచ్చింది. అయితే ఆ చావు సేద్యపు అప్పుల వల్లే జరిగిందని త్రిసభ్య కమిటీ ముందు తేలాలి. ఏ సేటు దగ్గర ఎంత తెచ్చాడు, పురుగుమందుల కొట్లో ఎంత బాకీ, కౌలు ఎవరికి ఎంత కట్టాడు అని అధికారులు భార్యని అడుగుతారు. చేలో అతనితో సమానంగా చాకిరీ చేసిన మనిషికి లెక్క మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. కౌలు చాలాచోట్ల నోటిమాట మీదే నడుస్తుంది, కాగితం ఉండదు. లెక్కంతా అతని తలకాయలో ఉండి అతనితోనే పోతుంది. ఇంటి అప్పు సంగతి అడిగి తెలుసుకునే హక్కు, తెలిసింది తన చేత్తో రాసిపెట్టుకునే అలవాటు ఆ స్త్రీకి ఉండి ఉంటే, అధికారుల ముందు ఆమె చేతిలో కనీసం ఒక కాగితం ఉండేది.

ఇంట్లో దెబ్బలు తినే స్త్రీల సంగతీ ఇంతే. గృహహింస నిరోధానికి 2005లో చట్టం వచ్చి 2006 అక్టోబరు నుంచి అమలవుతోంది. మా సంఘం దగ్గరికొచ్చే స్త్రీలని ఎప్పుడు కొట్టాడమ్మా అని అడిగితే "ఎప్పుడని చెప్పనక్కా, ఎన్నని గుర్తుంటయ్యి?" అంటారు. బాధ గుర్తుంటుంది, తేదీ గుర్తుండదు. ప్రశ్నలు వేసే లాయరుకి కావలసింది మాత్రం తేదీ. సంఘటన జరిగినప్పుడే తాను రాసిపెట్టుకున్న దాన్ని చూసి సాక్షి జ్ఞాపకం తెచ్చుకోవచ్చని 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఉంది. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో కూడా ఈ వీలుంది. నోటుబుక్కు ఒక్కటే కేసు గెలిపిస్తుందని నేను చెప్పడం లేదు. డాక్టరు కాగితం, ఇరుగుపొరుగు సాక్ష్యం అన్నీ కావాలి. కానీ "నువ్వు కల్పించి చెబుతున్నావు" అని నలుగురూ మీద పడినప్పుడు, తేదీతో సహా తన చేతిరాత ఎదురుగా ఉంటే ఆ మనిషికి తనమీద తనకి నమ్మకం నిలబడుతుంది. ఏళ్ళ తరబడి హింస చేసేవాడు మొదట దెబ్బతీసేది ఆ నమ్మకాన్నే గదా.

ఇక చరిత్ర సంగతి. తెలంగాణ సాయుధ పోరాటం 1946-51 మధ్య జరిగింది. అందులో తుపాకీ పట్టిన, దళాలకు అన్నం మోసిన, అడవుల్లో పిల్లల్ని కన్న స్త్రీల మాటలు స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు సేకరించి "మనకు తెలియని మన చరిత్ర"గా అచ్చువేసింది 1986లో. మధ్యలో ముప్ఫై అయిదేళ్ళు గడిచిపోయాయి. నాయకులు ఆ లోపలే తమ చరిత్రలు రాసుకున్నారు. 1918లో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మ గారు ఉద్యమం, అజ్ఞాతవాసం, ఒంటరి బతుకు, హాస్టల్లో ఉద్యోగం అన్నీ దాటుకుని "నిర్జన వారధి" పుస్తకం తెచ్చేసరికి 2012. అంటే తొంభై దాటాక. ఆమె అంతకాలం బతికి ఉండటం, గుర్తుపెట్టుకోవడం మన అదృష్టం. ఆ ఆయుష్షు, ఆ జ్ఞాపకశక్తి లేక వెళ్ళిపోయిన వాళ్ళ సంగతేమిటి? మన చరిత్ర ముసలితనం దాకా ఆగవలసిన పని లేదు. ఏ రోజుది ఆ రోజే రాసిపెట్టుకుంటే, రేపు ఎవరో వచ్చి అడిగేదాకా ఎదురుచూడక్కర్లేదు.

ఈ విషయం మా సంఘంలో మాట్లాడినప్పుడు ఒక అభ్యంతరం వచ్చింది. అది తీసిపారేయవలసింది కాదు. "ఇవన్నీ చదువుకున్న వాళ్ళ కబుర్లు టీచరమ్మా. తెల్లారుజామునే ఆటో ఎక్కి మిరక్కాయ కోతకి పోయి, పొద్దుగూకి వచ్చేవాళ్ళం మేము. చేతులు మండిపోతంటే కలం పట్టుకునేదెట్టా?" అని ఒకామె అడిగింది. కోతల కాలంలో ఆ చేతులతో కళ్ళు తుడుచుకోవడానికి కూడా ఉండదు. బిడ్డని ఎత్తుకుంటే బిడ్డ ఏడుస్తుంది. ఆమె అడిగింది న్యాయమే. రాయమని నీతులు చెప్పేముందు కూలి, తొడుగులు, పనిగంటల గురించి మాట్లాడాలి. కానీ మాటల్లో ఆమే ఇంకొకటి చెప్పింది. ముఠామేస్త్రీ పద్నాలుగు రోజుల కూలికి పదకొండే లెక్కగట్టి ఇచ్చాడని. పద్నాలుగని ఆమెకి తెలుసు, కానీ చూపించడానికి ఏమీ లేదు. అతని దగ్గర పుస్తకం ఉంది. మన సమాజంలో పుస్తకం ఎవరి చేతిలో ఉంటే లెక్క వాళ్ళది. రాత అవసరం నాకన్నా ఆమెకే ఎక్కువ.

పేద స్త్రీకి అక్షరంతో పనేమిటి అనే వాళ్ళకి మన పక్క నెల్లూరు జిల్లా ఎప్పుడో జవాబు చెప్పింది. అక్షరాస్యత కార్యక్రమంలో వాచకంలోని సీతమ్మ కథ చదివిన ఆడవాళ్ళు తమ ఊరి సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. 1992లో దూబగుంటలో రగిలిన పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించక ప్రభుత్వానికి తప్పలేదు. చదివింది తమ బతుకుతో పోల్చి చూసుకోవడం వల్లనే అది సాధ్యమైంది. తర్వాత చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల గ్రామీణ స్త్రీలే విలేఖరులై "నవోదయం" పత్రిక నడిపారు. వాళ్ళకి పొలం పనులు లేవా, పిల్లలు లేరా? అయినా సాగిందంటే ఆ రాత ఒక్కొక్కరి తీరిక మీద వదిలేయకుండా సంఘం తన పనిగా ఎత్తుకోవడం వల్లనే.

సమయం తర్వాత మనకి లేనిది చాటు. బెంగాలులో రాససుందరీదేవి వంటింట్లో పుస్తకం పేజీ దాచుకుని, కొడుకు రాసిన తాటాకుతో పోల్చుకుంటూ దొంగతనంగా చదవడం నేర్చుకుంది. పన్నెండుమంది పిల్లల్ని కన్న ఆ తల్లి ఆత్మకథ 1876లో అచ్చయింది. అప్పుడు దాచుకోవలసింది చదువు. ఇప్పుడు చదువు దాచక్కర్లేదు గానీ రాసింది దాచుకోవాలి. మన ఇళ్ళల్లో భార్య పేరున బీరువా ఉంటుంది, తాళంచెవి అందరికీ తెలిసిన చోట ఉంటుంది. ఫోను ఆమెదే, పాస్‌వర్డు మాత్రం భర్తకి తెలియాలి. "భార్యాభర్తల మధ్య దాపరికాలేంటి?" అంటారు. ఆయన అప్పుల సంగతి వచ్చినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగరు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. ఆ హక్కు స్త్రీకి ఇంటి గడప లోపల కూడా ఉండాలి. ఎవరో చదువుతారనే భయంతో రాసే మనిషి నిజం రాయదు. "ఈ రోజు అందరం సంతోషంగా ఉన్నాం" అని రాస్తుంది.

అందుకని మన సంఘాలకి నావి కొన్ని సూచనలు. వారం వారం జరిగే సమావేశంలో మొదటి ఇరవై నిమిషాలు రాసుకోవడానికే ఉంచుదాం. అక్కడ ఏ పనీ చెప్పడానికి ఎవరూ ఉండరు. రాయడం రానివాళ్ళు చెబితే వచ్చినవాళ్ళు రాసిపెట్టాలి, లేదా ఆమె ఫోన్లో తన గొంతుతోనే చెప్పిపెట్టుకోవాలి. ఇంట్లో దాచుకునే చోటు లేనివాళ్ళ పుస్తకాలు సంఘం బీరువాలో భద్రంగా ఉండాలి, అడగకుండా ఎవరూ తెరవకూడదు. భాష బాగుందా లేదా అని దిద్దవద్దు. తేదీ, జరిగింది, ఖర్చు, అనిపించింది - మూడు వాక్యాలు చాలు. రోజూ కుదరకపోతే కుదిరిన రోజునే రాయాలి. మధ్యలో ఖాళీలు వస్తే వాటికి కారణం రాయాలి. "నాలుగు రోజులు రాయలేదు, అత్తగారికి ఆపరేషను" అన్న వాక్యం కూడా మన శ్రమకి సాక్ష్యమే.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ అరగంట ఎవరి దగ్గర్నుంచి తీసుకోవాలో తేల్చుకోవడం. మా ఇంట్లో రాత్రి గిన్నెలు, మర్నాటికి కూరగాయలు తరగడం ఇప్పుడు నా సహచరుడిదీ మా అబ్బాయిదీ. అది వాళ్ళు ప్రేమతో ఇచ్చిన కానుకేమీ కాదు. ఏడాదిపాటు అడిగీ, అలిగీ, కొన్ని రోజులు గిన్నెలు అలాగే వదిలేసీ సాధించుకున్నది. ఇప్పటికీ వాళ్ళు కడిగిన కుక్కరు అడుగున జిడ్డు ఉంటుంది. నేను మళ్ళీ కడగను. చుట్టాలు చూసి నవ్వుతారు, నవ్వనీ.

కూలి పెంచమని అడిగాం, ఆస్తిలో వాటా అడిగాం, సారా వద్దన్నాం. ఇంట్లో అరగంట అడగడం వీటికన్నా చిన్న విషయంలా కనిపిస్తుంది. అడిగి చూస్తే ఎంత పెద్దదో తెలుస్తుంది. అడిగిన రోజున ఎవరు ఏమన్నారో మీ పుస్తకంలో మొదటి పేజీగా రాయండి.