పత్తర్‌గట్టి నుండి చార్మినార్ దాకా: మారిన హల్ఖా హద్దులు

2009 శాసనసభ ఎన్నికల నాటి సంగతి. మా మొహల్లాలోని ఒక పెద్దాయన పొద్దున్నే తయారై, ఎన్నో ఏళ్లుగా తాను ఓటు వేస్తూ వచ్చిన బడికే వెళ్లారు. జాబితాలో పేరు లేదు. ఎండలో రెండు మూడు కేంద్రాలు తిరిగాక తెలిసిందేమిటంటే, ఆయన ఇల్లు ఇక ఆసిఫ్‌నగర్ హల్ఖాలో లేదు. అసలు ఆసిఫ్‌నగర్ హల్ఖాయే లేదు. "మేం ఇల్లు మారలేదు కదా మౌల్వీసాబ్, హల్ఖా ఎట్లా మారింది?" అని ఆయన మమ్మల్ని నిలదీశారు. ఆ రోజు మేమిచ్చిన జవాబు సరిగ్గా లేదు. ఇప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాము.

ఉర్దూలో హల్ఖాబందీ అంటాం, తెలుగు పత్రికలు నియోజకవర్గాల పునర్విభజన అంటాయి. హైదరాబాద్ పాతబస్తీకి ఇది కొత్త కాదు. 1952లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు 175 స్థానాలు, 142 నియోజకవర్గాలు. అంటే 33 చోట్ల ఒకే నియోజకవర్గం నుండి ఇద్దరేసి సభ్యులు. అప్పుడు పాతబస్తీలో శాలిబండ పేరిట ఒక హల్ఖా ఉండేది. అక్కడ గెలిచిన మాసూమా బేగం 1957లో పత్తర్‌గట్టి నుండి గెలిచారు, సంజీవయ్యగారి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు. 1962లో అదే పత్తర్‌గట్టిలో ఆమెను సుల్తాన్ సలాహుద్దీన్ ఒవైసీ ఓడించారు. ఆయన 1967లో యాకుత్‌పురా నుండి, 1972లో మళ్లీ పత్తర్‌గట్టి నుండి, 1978లో చార్మినార్ నుండి గెలిచారు. 1978 నాటికి పత్తర్‌గట్టి అనే పేరు ఎన్నికల పటంలో లేదు. గాజుల దుకాణాలు, బట్టల దుకాణాలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి!

రాష్ట్రంలో స్థానాల సంఖ్య కూడా ఇలాగే మారుతూ వచ్చింది. 1962లో 300, 1967లో 287, 1978లో 294. ప్రతి జనాభా లెక్కల తర్వాత గీతలు చెరిపి కొత్తగా గీయాలన్నది రాజ్యాంగ నియమం. 1976లో 42వ సవరణ దానికి అడ్డుకట్ట వేసింది. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు సీట్లు పోగొట్టుకోకూడదన్నది అప్పుడు చెప్పిన కారణం. కారణం న్యాయమైనదే. కాని సీట్ల సంఖ్యతో పాటు లోపలి హద్దులు కూడా గడ్డకట్టాయి. 1978 నుండి 2004 దాకా ఏడు ఎన్నికలు అవే గీతల మీద జరిగాయి. ఈ లోపల హైదరాబాద్ ఎన్ని రెట్లు పెరిగిందో చెప్పనక్కరలేదు. ఖైరతాబాద్ ఒక్కటే ఒక చిన్న జిల్లా అంత నియోజకవర్గమైంది.

2002 చట్టం కింద జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ ఈ గీతలను తిరగరాసింది. ఇందులో కుట్ర ఉందని కొందరు, మేలు ఉందని కొందరు ఇప్పటికీ వాదిస్తుంటారు. ముందు లెక్క చూద్దాం. 2001లో ఆంధ్రప్రదేశ్ జనాభా 7 కోట్ల 62 లక్షలు. దాన్ని 294తో భాగిస్తే ఒక్కో స్థానానికి సుమారు 2 లక్షల 59 వేల మంది. హైదరాబాద్ జిల్లా జనాభా 38 లక్షల 30 వేలు. అందులో ఆ లెక్కన 14 ముప్పావు భాగాలు వస్తాయి కనుక జిల్లాకు 15 స్థానాలు వచ్చాయి. అంతకు ముందు 13. ఇది కూడికలు తీసివేతలు తెలిసిన మా మదరసా పిల్లలు కూడా చేయగల లెక్క.

లెక్క సూటిగానే ఉంది. చిక్కంతా గీత ఏ గల్లీ మీదుగా పోతుందన్న చోట వస్తుంది. ఆసిఫ్‌నగర్, మహారాజ్‌గంజ్, హిమాయత్‌నగర్ పోయాయి. నాంపల్లి, గోషామహల్, అంబర్‌పేట్, జూబ్లీహిల్స్, బహదూర్‌పురా వచ్చాయి. ప్రతినిధులకు దారి తొందరగానే దొరికింది. 2004 ఉప ఎన్నికలో ఆసిఫ్‌నగర్ గెలిచిన మొహమ్మద్ మొజంఖాన్ 2009లో బహదూర్‌పురా నుండి, 2004లో హిమాయత్‌నగర్ గెలిచిన కిషన్‌రెడ్డి 2009లో అంబర్‌పేట్ నుండి సభకు వెళ్లారు. ఓటరుకు మాత్రం ఈ సౌకర్యం లేదు. ఆయన ఎండలో తిరగవలసిందే. 2004 సాధారణ ఎన్నికల్లో మజ్లిస్‌కు నాలుగు స్థానాలు రాగా, 2009లో ఏడు వచ్చాయి, ఆ తర్వాత 2023 దాకా అన్ని ఎన్నికల్లోనూ ఏడే నిలిచాయి. ఇందులో పార్టీ బలమెంత, గీతల పాత్ర ఎంత అన్నది విడదీసి చెప్పడం కష్టం. గీతలకు పాత్రే లేదనడం మాత్రం అమాయకత్వం.

ఈ గీతలు గీసేవారి ముందు మన మాట ఎంత? చట్టం ప్రకారం ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు కమిషన్‌కు సహసభ్యులుగా కూర్చుంటారు. వారికి ఓటు లేదు, సంతకం చేసే హక్కు లేదు. ముసాయిదాను గెజిట్‌లో ప్రచురించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, బహిరంగ విచారణ జరపాలి. ఆఖరి ఉత్తర్వు వెలువడితే దానిని కోర్టులో ప్రశ్నించరాదని 329వ అధికరణ. రాజ్యాంగ విలువలకు పూర్తిగా విరుద్ధంగా, ఇష్టారాజ్యంగా ఉంటే కోర్టులు పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది గాని, ఆ తలుపు ఇరుకైనది. కాబట్టి మాట్లాడవలసిన సమయం ముసాయిదా సమయమే. పెళ్లి దావతులకు వెళ్లినంత మంది కూడా ఆ విచారణలకు వెళ్లరన్నది మనకు మనమే ఒప్పుకోవలసిన సంగతి.

రిజర్వు స్థానాల విషయం మరింత సున్నితమైనది. 2008 ఉత్తర్వుతో ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ కులాల స్థానాలు 39 నుండి 48కి, తెగల స్థానాలు 15 నుండి 19కి పెరిగాయి. ఇది వారి హక్కు, దానిపై మాకు పేచీ లేదు. ఎస్సీ జనాభా ఎక్కువున్న కొన్ని స్థానాలు జనరల్‌గా ఉండగా, ముస్లింలు ఎక్కువున్న కొన్ని స్థానాలు రిజర్వు అయ్యాయని 2006లో సచార్ కమిటీ ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్ ఉదాహరణలతో చూపింది. ఇందులో నష్టపోయింది ముస్లింలే కాదు, తమ బలమున్న చోట స్థానం దక్కని దళితులు కూడా. అస్సాంలో దశాబ్దాలు రిజర్వు స్థానంగా ఉన్న కరీంగంజ్ 2023 పునర్విభజనలో జనరల్ అయింది.

2014 విభజన చట్టం 26వ సెక్షన్ తెలంగాణ స్థానాలను 119 నుండి 153కి, ఆంధ్రప్రదేశ్ స్థానాలను 175 నుండి 225కి పెంచవచ్చంది, రాజ్యాంగ 170వ అధికరణకు లోబడి. ఆ చిన్న షరతు దగ్గరే వ్యవహారం ఆగింది. వెంటనే పెంచాలన్న పిటిషన్‌ను 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 84వ సవరణ పెట్టిన నియమం 2026 తర్వాతి మొదటి జనాభా లెక్కల దాకా ఆగమన్నది. ఆ లెక్కలకు 2027 మార్చి 1ని గీటురాయి తేదీగా కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది.

ఆగడం వల్ల జరిగేదేమిటో 2023 ఓటర్ల జాబితా చెబుతుంది. శేరిలింగంపల్లిలో ఓటర్లు ఏడు లక్షలు దాటారు. భద్రాచలంలో లక్షన్నర కూడా లేరు. భద్రాచలానిది వేరే కథ. 2014లో పోలవరం కోసం కొన్ని మండలాలను పార్లమెంటు చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు, ఏ కమిషనూ కూర్చోకుండానే ఆ హల్ఖా సగం కరిగింది. అయినా సభలో ఇద్దరు సభ్యుల చేయి ఒక్కటే లెక్క.

మా పెద్దాయన ఆ రోజు సాయంత్రం నాలుగింటికి నాంపల్లి జాబితాలో తన పేరు దొరికించుకుని ఓటు వేసి వచ్చారు. ఆ తర్వాత కూడా ఎవరైనా అడిగితే తన హల్ఖా ఆసిఫ్‌నగర్ అనే చెప్పేవారు.