రామ్ మోహన్ గారి బొమ్మల సినిమాలు అన్నీ మాకు కావాలి

మియాజాకి సినిమాల పేర్లు చెప్పమంటే మా క్లాసులో ముగ్గురు నలుగురు గడగడా చెప్పేస్తారు. రామ్ మోహన్ అంటే మాత్రం "ఆయనెవర్రా?" అంటారు. వాళ్ళనేం అనలేం. జపాన్ దర్శకుడి సినిమాలు వరసగా దొరుకుతాయి. భారతీయ యానిమేషన్ పితామహుడని మనవాళ్ళు పిలుచుకునే ఆయనవి అలా దొరకవు. ఇది అన్యాయం అంటాను నేను.

ఆయన 1956లో బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగంలో చేరారు. డిస్నీలో పనిచేసి వచ్చిన క్లెయిర్ వీక్స్ అక్కడ మనవాళ్ళకి పని నేర్పారు. 'యూ సెడ్ ఇట్' (1972), 'ఫైర్ గేమ్స్' (1983) సినిమాలకి జాతీయ అవార్డులొచ్చాయి. యూనిసెఫ్ 'మీనా' కూడా ఆయన చేతిదే. బడికి పంపకపోతే చిలక దగ్గర లెక్కలు నేర్చుకుని కోళ్ళదొంగని పట్టిస్తుందే, ఆ పిల్ల! 2014లో పద్మశ్రీ ఇచ్చారు. 2019లో పోయారు.

ఆయన చేసినవన్నీ నోటుబుక్కులో రాసుకుంటున్నాను. సొంత సినిమాలు రాయడం తేలికే. చిక్కంతా వేరేవాళ్ళ సినిమాల్లో ఉన్న ముక్కలతోనే. సత్యజిత్ రాయ్ 'శత్రంజ్ కే ఖిలాడీ'లో బొమ్మలు కదిలే భాగం, మృణాల్ సేన్ 'భువన్ షోమ్'లో ఇంకో ముక్క ఆయనవే. అలాంటివి వెతకాలంటే టైటిల్స్‌లో చిన్న అక్షరాలు ఆపి ఆపి చదవాలి. "ఫోన్లో లేనిదేముందిరా?" అంటాడు మా మావయ్య. ఫోన్లో దొరికేవి తోకో తలో తెగిన ముక్కలు. ఏ సంవత్సరానిదో ఉండదు, ఇవాళ ఉన్నది రేపు ఉండదు.

అన్నీ ఎందుకు, రెండు చూస్తే చాలదా అని పెద్దవాళ్ళు అడుగుతారు. చాలదు. 1992 నాటి 'రామాయణ' సినిమాకి యుగో సాకో, కోయిచి ససాకిలతో పాటు ఈయనా దర్శకుడే. అదొక్కటే చూస్తే జపాన్ వాళ్ళకి సాయం చేసిన మనిషి అనుకుంటాం. 'మీనా' పక్కన పెట్టి చూస్తే గదా ఆయన గీత ఏదో తెలిసేది!

కెనడాలో కూడా ప్రభుత్వమే నేషనల్ ఫిల్మ్ బోర్డు నడుపుతోంది. వాళ్ళు నార్మన్ మెక్‌లారెన్ సినిమాలని 2006లో ఏడు డీవీడీల పెట్టెగా తెచ్చారు. 2009 నుంచి తమ సినిమాలని ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తున్నారు. మన ఫిల్మ్స్ డివిజన్ కూడా కొన్ని పెట్టింది, కాదనను. కానీ అవి జనం డబ్బుతో తీసినవి. ఒకప్పుడు ప్రతి హాల్లో అసలు సినిమాకి ముందు ఫిల్మ్స్ డివిజన్ సినిమా వేసి తీరాలి, దానికి హాలువాళ్ళు అద్దె కూడా కట్టేవారు. అలాంటప్పుడు "కొన్ని" అంటే ఎలా? మన ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీకి 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక కాపీ రావాలి. పుస్తకానికున్న ఆ మర్యాద సినిమాకి లేదు.

ఫిల్మ్స్ డివిజన్ తన సినిమాలకి తెలుగుతో సహా చాలా భాషల్లో మాటలు పెట్టేది. చెన్నైలో తెలుగు మీడియం చదివే నాకు ఆ తెలుగు మాటలు వినాలనుంది. 2025 జనవరిలో 'రామాయణ' తెలుగులో కూడా విడుదలైంది. ముప్ఫై మూడేళ్ళ తర్వాతైనా దానికి తెలుగు గొంతు వచ్చింది కదా, మిగతావాటికి ఎందుకు రాకూడదు?

2022లో ఫిల్మ్స్ డివిజన్‌ని ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. కాబట్టి అడగాల్సింది వాళ్ళనే. రామ్ మోహన్ గారి ప్రతి సినిమా పేరు, సంవత్సరం, ఏయే భాషల్లో ఉందో జాబితా వేయమని ఉత్తరం రాశాను. మా క్లాసులో పదకొండు మంది సంతకాలు పెట్టారు. టీచర్లు, అమ్మానాన్నలు కూడా పెట్టొచ్చు. కాగితం లైబ్రరీ బల్ల మీదుంది.